నాణ్యతా కరదీపిక – డెమింగ్ జీవితం

బజారులో కొన్న ఒక విద్యుద్దీపాన్ని ఇంటికి తెచ్చి బిగించగానే అది వెలుగుతుంది. ఆ వెలుగు వెనుక ఎందరి శ్రమ ఉన్నదో మనం ఆలోచించము. అది నాలుగు రోజులకే ఆరిపోయిననాడు మాత్రం, దానిని చేసినవాడెవడో సోమరి అని తేలికగా అనేస్తాము. తప్పు నిజంగా ఆ పనివానిదేనా? అతని చేతికి వచ్చిన ముడిసరుకు మంచిదేనా? అతడు నడిపిన యంత్రం సరియైన స్థితిలో ఉన్నదా? ఆ పని ఎట్లా చేయాలో అతనికి ఎవరైనా నేర్పారా? ఈ ప్రశ్నలను జీవితాంతం అడిగి, వాటికి లెక్కలతో సమాధానం చెప్పిన మహనీయుడు ఎడ్వర్డ్స్ డెమింగ్.

ఒక సంస్థ తన పనిని ఏ విధంగా చేస్తుందో, చేసిన పని మంచిదని ఏ విధంగా నిర్ధారించుకుంటుందో, పొరపాటు జరిగినప్పుడు ఏ విధంగా దిద్దుకుంటుందో వ్రాసి పెట్టుకొన్న గ్రంథాన్ని నాణ్యతా కరదీపిక అంటారు. కరదీపిక అంటే చేతిలోని దీపం. నడిచేవానికి అడుగడుగునా దారి చూపడం దాని పని. దానిని బీరువాలో పెట్టి తాళం వేస్తే ఎవరికీ దారి కనిపించదు. అటువంటి గ్రంథంలో ఏమి ఉండాలో, అది ఎందుకు ప్రతిదినం మెరుగుపడుతూ ఉండాలో తెలుసుకోవడానికి డెమింగ్ జీవితాన్ని మించిన పాఠం లేదు.

విలియమ్ ఎడ్వర్డ్స్ డెమింగ్ 1900వ సంవత్సరం అక్టోబరు 14వ తేదీన అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, సూ సిటీ అనే పట్టణంలో జన్మించాడు. ఆయన బాల్యంలోనే ఆ కుటుంబం పడమటి దిక్కున ఉన్న వయోమింగ్ రాష్ట్రంలోని పావెల్ అనే కొత్త ఊరికి తరలివెళ్లింది. అక్కడ తండ్రికి లభించిన భూమి సేద్యానికి అంతగా పనికిరానిది. తారుకాగితం కప్పిన గుడిసెలో ఆ కుటుంబం చలికీ గాలికీ ఓర్చుకొని కాలం గడిపింది. తల్లి సంగీతపాఠాలు చెప్పేది. పిల్లవాడైన డెమింగ్ బడికి వెళుతూనే ఊరిలోని హోటలులో కట్టెలు, బొగ్గులు మోసేవాడు. సాయంత్రం వేళ ఊరి వీధిదీపాలు వెలిగించే పని కూడా చేసేవాడు. ఆ విధంగా సంపాదించిన కొద్దిపాటి సొమ్ము ఇంటికి ఆసరా అయ్యేది.

బాల్యంలో అనుభవించిన లేమి ఆయనకు ఒక గుణాన్ని నేర్పింది. ఏ వస్తువునూ వృథా చేయడం ఆయన సహించలేకపోయేవాడు. ప్రపంచమంతటా పేరుపొందిన తరువాత కూడా ఇంటిలోని కోడిగుడ్ల మీద తేదీలు వ్రాసి, ముందు వచ్చినవి ముందుగా వాడేటట్లు చూసుకొనేవాడట. ఇది పిసినారితనం కాదు. ఒక వస్తువు వృథా అయిందంటే, దాని కోసం ఎవరో పడిన శ్రమ వృథా అయినట్లేనని ఆయన భావం. ఆయన బోధించిన నాణ్యతా సిద్ధాంతానికి మూలం ఇక్కడే ఉన్నది.

1917లో డెమింగ్ లారమీ పట్టణంలోని వయోమింగ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. పనులు చేసుకుంటూ చదివి 1921లో విద్యుత్ ఇంజనీరింగులో పట్టభద్రుడయ్యాడు. 1925లో కొలరాడో విశ్వవిద్యాలయం నుండి గణిత, భౌతికశాస్త్రాలలో స్నాతకోత్తర పట్టాను, 1928లో యేల్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటును అందుకొన్నాడు.

యేల్‌లో చదువుకొంటున్న రోజులలో 1925, 1926 వేసవి సెలవులలో ఆయన షికాగో సమీపంలోని హాథార్న్ కర్మాగారంలో పనిచేశాడు. వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన ఆ కర్మాగారంలో టెలిఫోను పరికరాలు తయారయ్యేవి. నలభై వేలమందికి పైగా అక్కడ పనిచేసేవారు. తయారైన పరికరాలను పరీక్షించి, చెడిపోయినవాటిని ఏరివేయడానికే వేలమంది తనిఖీదారులు ఉండేవారు. వస్తువును ముందు తయారుచేయడం, తరువాత తప్పులు వెదకడం, ఆపై పారవేయడమో బాగుచేయడమో జరిగేది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లుండే ఈ పద్ధతిలో ఎంతటి వ్యయం ఉన్నదో డెమింగ్ కన్నులారా చూశాడు. చెడిన వస్తువును తయారుచేయడానికి కూడా మంచి వస్తువుకు పట్టినంత కాలమూ, ముడిసరుకూ, కూలీ పడుతుంది. దానిని ఏరివేయడానికి మరికొంత ఖర్చు అవుతుంది. తనిఖీ వలన చెడ్డది బయటపడుతుందే తప్ప చెడ్డది మంచిది కాదు.

1927లో డెమింగ్ అమెరికా ప్రభుత్వ వ్యవసాయశాఖలో శాస్త్రజ్ఞుడుగా చేరాడు. ఆ రోజులలోనే ఆయనకు వాల్టర్ షూహార్ట్ అనే శాస్త్రవేత్తతో పరిచయం కలిగింది. ఆ పరిచయం డెమింగ్ జీవితాన్ని మలుపు తిప్పింది. షూహార్ట్ బెల్ టెలిఫోను ప్రయోగశాలలలో పనిచేసేవాడు. ఆయన 1924 మే 16వ తేదీన తన పై అధికారికి ఒక చిన్న పత్రం సమర్పించాడు. నాణ్యతా నియంత్రణ పటానికి అదే తొలిరూపం. దానితోనే ఆధునిక నాణ్యతాశాస్త్రం ఆరంభమైందని చెప్పవచ్చు.

షూహార్ట్ భావన సులభంగానే బోధపడుతుంది. ఒక కాగితం మీద 'అ' అనే అక్షరాన్ని పదిసార్లు వ్రాసి చూస్తే, ఎంత శ్రద్ధగా వ్రాసినా ఏ రెండు అక్షరాలూ అచ్చంగా ఒక్కతీరుగా ఉండవు. చిన్న చిన్న తేడాలు ఉండి తీరుతాయి. కలం, కాగితం, బల్ల, వ్రాసే అలవాటు, వెలుతురు అన్నీ కలిసి ఆ తేడాలను కలిగిస్తాయి. ఇవి సాధారణ కారణాలు. వ్రాస్తున్నవాని మోచేతిని పక్కవాడు తట్టితే ఒక అక్షరం వంకరపోతుంది. అది ప్రత్యేక కారణం. కర్మాగారంలోని ప్రతి పనిలోనూ ఈ రెండు రకాల కారణాలు ఉంటాయి. వాటిని వేరుచేసి చూపేదే నియంత్రణ పటం. పనిలో వచ్చిన కొలతలను వరుసగా పటం మీద గుర్తించి, లెక్కకట్టిన పై హద్దునూ కింది హద్దునూ గీతలుగా గీస్తారు. గుర్తులు ఆ హద్దులలో ఎటువంటి క్రమమూ లేకుండా చెదిరి ఉంటే ఆ పని నిలకడగా ఉన్నట్లు. ఏదైనా గుర్తు హద్దు దాటితే అక్కడ ప్రత్యేకంగా ఏదో జరిగినట్లు. వెంటనే దానిని వెదకి సరిచేయాలి.

డెమింగ్ ఈ భావనలో గణితంతో పాటు న్యాయాన్ని కూడా చూశాడు. ప్రత్యేక కారణమైతే దానిని పనివాడు కనిపెట్టగలడు. సాధారణ కారణాలు మాత్రం వ్యవస్థలోనే ఉంటాయి. యంత్రాన్ని మార్చడం, ముడిసరుకు ఎన్నుకోవడం, శిక్షణ ఇప్పించడం పనివాని చేతిలో ఉండవు. అవి యాజమాన్యం చేతిలో ఉంటాయి. తనది కాని తప్పుకు పనివానిని మందలించడం, జీతం కోయడం అన్యాయమే గాక నిష్ప్రయోజనం కూడా. లోపాలలోనూ, మెరుగుదలకు గల అవకాశాలలోనూ నూటికి 94 వంతులు వ్యవస్థకే చెందుతాయని, ప్రత్యేక కారణాల వంతు ఆరు మాత్రమేనని ఆయన తరువాతి కాలంలో తన అనుభవాన్ని బట్టి అంచనా వేశాడు.

1936లో డెమింగ్ లండను వెళ్లి ఫిషర్, నేమన్ వంటి ప్రఖ్యాత గణాంకశాస్త్రవేత్తల వద్ద అధ్యయనం చేశాడు. 1938లో షూహార్ట్‌ను వాషింగ్టనుకు ఆహ్వానించి ఉపన్యాసాలు ఇప్పించాడు. వాటిని తానే పరిష్కరించి 1939లో గ్రంథంగా వెలువరించాడు. అదే సంవత్సరం ఆయన జనాభా లెక్కల శాఖకు మారాడు. 1940 నాటి అమెరికా జనగణనలో తొలిసారిగా నమూనా పద్ధతిని ప్రవేశపెట్టారు. కొన్ని అదనపు ప్రశ్నలను అందరినీ అడగకుండా నూటికి ఐదుగురిని మాత్రమే అడిగి, దేశమంతటి పరిస్థితిని అంచనా కట్టారు. సమాచారాన్ని కార్డుల మీద రంధ్రాలుగా నమోదుచేసే గుమాస్తాల పనికి డెమింగ్ నియంత్రణ పద్ధతులను అన్వయించాడు. పనిలో నిలకడ సాధించినవారి కార్డులన్నింటినీ తిరిగి పరిశీలించే అవసరం లేకుండా, కొన్నింటిని మాత్రం పరిశీలిస్తే చాలునని తేలింది. నాణ్యతా నియంత్రణ కర్మాగారాలకే కాదు, కార్యాలయాలకు కూడా పనికివస్తుందని ఆ విధంగా రుజువైంది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆయుధ సామగ్రి విరివిగా కావలసివచ్చింది. 1942లో డెమింగ్ సూచన మేరకు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీర్లకు నాణ్యతా నియంత్రణలో శిక్షణ మొదలయింది. త్వరలోనే అది దేశమంతటా వ్యాపించింది. వేలమంది నేర్చుకొన్నారు. ఫలితాలు కూడా బాగున్నాయి. కాని యుద్ధం ముగిసిన తరువాత పరిస్థితి మారిపోయింది. యుద్ధంలో దెబ్బతిన్న దేశాలు వస్తువుల కోసం ఎదురుచూస్తున్నాయి. అమెరికా కర్మాగారాలలో ఏది తయారైనా అమ్ముడుపోయేది. అమ్ముడుపోయే వస్తువును ఇంకా బాగుచేయవలసిన అవసరమేమిటని యజమానులు భావించారు. గోడల మీది నియంత్రణ పటాలు ఒక్కొక్కటిగా మాయమైనాయి. తాము ఇంజనీర్లకు మాత్రమే నేర్పామని, నిర్ణయాలు చేసే పెద్దలకు నేర్పలేదని డెమింగ్ అప్పుడు గ్రహించాడు. ఆ పొరపాటును మరల చేయకూడదని నిశ్చయించుకొన్నాడు.

అందుకు అవకాశం జపాను దేశంలో లభించింది. 1947లో ఆయన జనాభా లెక్కల ప్రణాళికకు సహాయపడడానికి మొదటిసారి అక్కడికి వెళ్లాడు. నగరాలు కాలి బూడిదయ్యాయి. ప్రజలు తిండికి అలమటిస్తున్నారు. డెమింగ్ అధికారిగా దూరంగా ఉండిపోలేదు. తనకు లభించే ఆహారపదార్థాలతో జపాను గణాంకశాస్త్రజ్ఞులకు విందులు ఏర్పాటుచేసి, వారితో స్నేహం పెంచుకొన్నాడు. ఆ స్నేహమే తరువాత ఒక దేశ చరిత్రను మార్చడానికి తోడ్పడింది.

జపానులో ఖనిజసంపద తక్కువ. ప్రజలకు ఆహారం కొనాలంటే వస్తువులు తయారుచేసి విదేశాలకు అమ్మాలి. అప్పట్లో జపాను సరుకు అంటే చౌకరకం సరుకు అన్న అపఖ్యాతి ఉండేది. ఈ అపఖ్యాతిని తొలగించుకోవాలని జపాను శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు తపించారు. 1946లో వారు స్థాపించుకొన్న సంఘం తరఫున కెనిచి కోయనాగి 1950 మార్చిలో డెమింగ్‌కు ఆహ్వానం పంపాడు. డెమింగ్ అంగీకరించాడు. 1950 జూలై 10వ తేదీన టోక్యో నగరంలో ఎనిమిది రోజుల శిక్షణ ఆరంభమయింది.

ఈసారి డెమింగ్ ఇంజనీర్లకు బోధించడంతో తృప్తిపడలేదు. పరిశ్రమాధిపతులను కలుసుకోవాలని కోరాడు. ఆ సంఘం అధ్యక్షుడైన ఇచిరో ఇషికావా పారిశ్రామిక లోకంలో గొప్ప పలుకుబడి గలవాడు. ఆయన పిలుపు మీద జూలై 13వ తేదీన 21 మంది పెద్దలు సమావేశమయ్యారు. డెమింగ్ వారి ముందు ఒక చిత్రం గీశాడు. ఒక వైపు ముడిసరుకు సమకూర్చేవారు, నడుమ తయారీ, మరొక వైపు వినియోగదారులు ఉన్నారు. వినియోగదారుల నుండి తెలిసిన మంచిచెడులు తిరిగి వస్తువు రూపకల్పనకు చేరేటట్లు ఒక బాణం గీశాడు. ఉత్పత్తి అంతా ఒకే వ్యవస్థ అని, వినియోగదారుడే అందులో ముఖ్యుడని వివరించాడు. ఈ మార్గంలో నడిస్తే ఐదేళ్లలో జపాను వస్తువుల కోసం ప్రపంచ విపణి ఎదురుచూస్తుందని హామీ ఇచ్చాడు. తిండికే కటకటలాడుతున్న ఆ దేశంలో ఆ మాట నమ్మశక్యం కానిది. అయినా వారు నమ్మి ఆచరణకు పూనుకొన్నారు.

డెమింగ్ ఉపన్యాసాలను జపాను మిత్రులు వ్రాసుకొని పుస్తకంగా అచ్చువేశారు. నాణ్యతా నియంత్రణ మూలసూత్రాలను బోధించే ఆ పుస్తకం విరివిగా అమ్ముడుపోయింది. రచయితకు రావలసిన పారితోషికాన్ని డెమింగ్ స్వీకరించక ఆ సంఘానికే వదలివేశాడు. ఆ ఔదార్యానికి స్పందించిన జపానువారు ఆ సొమ్ముతో ఆయన పేరిట ఒక బహుమతిని నెలకొల్పారు. 1951లో తొలిసారి ప్రదానం చేసిన డెమింగ్ బహుమతి నాణ్యతారంగంలో ప్రపంచప్రసిద్ధమైనది.

ఒక సంస్థ తన నాణ్యతా కరదీపికను ఎట్లా వ్రాసుకోవాలో డెమింగ్ బోధనల వలన స్పష్టంగా తెలుస్తుంది. మొదటి సూత్రం మాటల స్పష్టత. బల్లను శుభ్రంగా తుడవాలి అని వ్రాసినంత మాత్రాన పనివానికి ఏమీ తెలియదు. ఆ బల్ల మీద భోజనం చేయాలా? శస్త్రచికిత్స చేయాలా? ఒక్కొక్క అవసరానికి ఒక్కొక్క శుభ్రత కావాలి. సగం ఉన్ని గల కంబళి అన్నప్పుడు కూడా చిక్కు ఉన్నది. కంబళిలో ఒక సగం అంతా ఉన్ని, రెండవ సగం అంతా నూలు ఉన్నా ఆ మాట నిజమే అవుతుంది. అందువలన కంబళిలో ఎక్కడెక్కడ ఎన్ని ముక్కలు కత్తిరించాలో, ఏ విధంగా పరీక్షించాలో, సగటు ఎంత ఉండాలో ముందుగానే నిర్ణయించి వ్రాయాలి. ఒకే వాక్యాన్ని అమ్మేవాడు, కొనేవాడు, తయారుచేసేవాడు ఒకే విధంగా అర్థం చేసుకొన్నప్పుడే అది నియమం అనిపించుకొంటుంది.

రెండవ సూత్రం నిరంతర పరిష్కరణ. కరదీపికలోని పద్ధతి ఈనాటికి తెలిసినంతలో ఉత్తమమైనది. రేపు అంతకన్న మంచి పద్ధతి దొరకవచ్చు. షూహార్ట్ ఆలోచన నుండి వికసించిన నాలుగు మెట్ల చక్రాన్ని డెమింగ్ ఇందుకోసం బోధించాడు. మొదట మార్పును గురించి యోచన చేయాలి. తరువాత దానిని చిన్న మోతాదులో ఆచరించి చూడాలి. ఫలితాన్ని పరిశీలించాలి. మేలు జరిగితే ఆ మార్పును స్థిరపరచి కరదీపికలో చేర్చాలి. జరగకపోతే దానిని విడిచి మరల యోచన చేయాలి. ఈ చక్రం ఎక్కడా ఆగదు. నిన్నటి గెలుపు నేటి ప్రయత్నానికి మొదటి మెట్టు అవుతుంది.

మూడవ సూత్రం పనిచేసేవారి భాగస్వామ్యం. యంత్రం చప్పుడులో వచ్చిన మార్పు దాని పక్కన నిలబడినవానికి ముందుగా తెలుస్తుంది. ఈ విషయాన్ని జపానువారు చక్కగా గ్రహించారు. ఇచిరో ఇషికావా కుమారుడు కవోరు ఇషికావా 1962లో మేస్త్రీల కోసం, పనివారి కోసం ఒక పత్రికను వెలువరించడంలో ప్రముఖపాత్ర వహించాడు. దానిని కలిసి చదువుకొనే చిన్న బృందాల నుండి నాణ్యతా బృందాల ఉద్యమం పుట్టింది. పనివారే తమ పనిలోని చిక్కులను లెక్కలతో పరిశీలించి, పరిష్కారాలు సూచించసాగారు.

జపాను ఆ దారిలో చాలా దూరం ప్రయాణించింది. ఆ దేశపు కెమేరాలు, రేడియోలు, మోటారువాహనాలు ప్రపంచమంతటా మన్నన పొందాయి. 1960లో జపాను చక్రవర్తి పేరిట డెమింగ్‌కు ఉన్నత పురస్కారం లభించింది. 1965లో టొయోటా సంస్థ డెమింగ్ బహుమతిని గెలుచుకొన్నది. ఈ ఘనత అంతా తనదేనని డెమింగ్ భావించలేదు. జపానులో కూడా షూహార్ట్ గ్రంథాలను అప్పటికే చదివినవారు ఉన్నారు. జోసెఫ్ జురాన్ వంటి ఇతర నిపుణులు అక్కడ బోధించారు. అన్నిటికీ మించి, నేర్చుకొన్నదానిని ఆచరణలో పెట్టినవారు జపాను ప్రజలే.

ఇంట గెలిచి రచ్చ గెలవాలని పెద్దలు అంటారు. డెమింగ్ జీవితంలో అది తారుమారయింది. రచ్చ గెలిచిన ఆయనను ఇంటివారు ముప్ఫై ఏళ్లు గుర్తించలేదు. వాషింగ్టనులోని తన ఇంటి నేలమాళిగలో చిన్న కార్యాలయం పెట్టుకొని ఆయన పనిచేసుకొన్నాడు. న్యూయార్కు విశ్వవిద్యాలయంలో 1946 నుండి బోధించాడు. గణాంకశాస్త్ర పండితుల లోకంలో ఆయనకు గౌరవం ఉండేది. పరిశ్రమాధిపతులలో మాత్రం ఆయన పేరు విన్నవారే అరుదు. 1970 తరువాత అమెరికా పరిశ్రమలకు గడ్డురోజులు వచ్చాయి. చమురు ధరలు పెరిగాయి. జపాను కార్లు అమెరికా వీధులలో విరివిగా కనిపించసాగాయి. 1980 జూన్ 24వ తేదీన ఒక అమెరికా టెలివిజను సంస్థ, జపాను చేయగలిగినది తామెందుకు చేయలేకున్నామన్న ప్రశ్నతో ఒక కార్యక్రమం ప్రసారం చేసింది. జపానుకు పాఠం చెప్పిన గురువు తమ రాజధానిలోనే ఉన్నాడని ఆ రాత్రి అమెరికా ప్రజలకు తెలిసింది. అప్పటికి డెమింగ్ వయస్సు 79 సంవత్సరాలు. మరునాటి నుండి ఆయన కార్యాలయంలో టెలిఫోను మ్రోగుతూనే ఉన్నది.

అప్పుడు భారీ నష్టాలలో ఉన్న ఫోర్డ్ మోటారు సంస్థ ఆయనను ఆహ్వానించింది. కార్లను గురించి ఏదైనా చిట్కా చెబుతాడని అక్కడివారు ఆశించారు. డెమింగ్ కార్ల ప్రసక్తి తీసుకురాకుండా, సంస్థను నడిపే తీరును గురించి ప్రశ్నలు వేశాడు. పెద్దలు మొదట నొచ్చుకొన్నా చివరికి విన్నారు. ఆ రోజులలో ఫోర్డ్ సంస్థవారికి ఒక వింత అనుభవం కలిగింది. ఒకే నమూనా ప్రకారం గేరు పెట్టెలు అమెరికాలోనూ, జపానులోని మజ్దా కర్మాగారంలోనూ తయారయ్యేవి. జపానులో చేసినవాటిని గురించి ఫిర్యాదులు తక్కువగా వచ్చాయి. రెండింటినీ విప్పి కొలిచి చూశారు. అమెరికాలో చేసిన భాగాలన్నీ నిర్ణయించిన హద్దులలోనే ఉన్నాయి. అయినా జపాను భాగాల కొలతలలో తేడాలు అంతకన్న చాలా తక్కువ. హద్దు దాటకుండా ఉండడమే నాణ్యత అనుకోవడం పొరపాటని, హెచ్చుతగ్గులను నిరంతరం తగ్గించుకుంటూ పోవడమే నాణ్యత అని ఫోర్డ్ ఇంజనీర్లకు తెలిసివచ్చింది. 1986 నాటికి ఫోర్డ్ సంస్థ లాభాలలో తన ప్రధాన ప్రత్యర్థి జనరల్ మోటార్స్‌ను మించిపోయింది.

ఆ తరువాత పదమూడేళ్లపాటు డెమింగ్ విశ్రాంతి ఎరుగక ఊరూరా నాలుగు రోజుల సదస్సులు నిర్వహించాడు. వాటిలో ఎర్రపూసల ప్రయోగం ప్రసిద్ధమైనది. ఒక పెట్టెలో 3,200 తెల్లపూసలు, 800 ఎర్రపూసలు కలిపి ఉంచేవాడు. సభికులలో ఆరుగురిని పనివారుగా పిలిచేవాడు. యాభై గుంటలు గల ఒక తెడ్డును పెట్టెలో ముంచి పూసలను తీయడం వారి పని. తెల్లపూసలు మంచి సరుకు, ఎర్రపూసలు చెడిన సరుకు. డెమింగ్ యజమాని వేషం ధరించి తక్కువ ఎర్రపూసలు తెచ్చినవానిని మెచ్చుకొనేవాడు. ఎక్కువ తెచ్చినవానిని మందలించేవాడు. మరుసటిసారి మెచ్చుకోలు పొందినవానికే ఎర్రపూసలు ఎక్కువగా వచ్చేవి. సభ అంతా నవ్వేది. పెట్టెలో ఎర్రపూసలు ఉన్నంతకాలం పనివాడు ఎంత ప్రయత్నించినా అవి వస్తూనే ఉంటాయి. పెట్టెలో పూసలను కలిపినవాడు యజమాని. ఆ సంగతి అర్థమైన తరువాత నవ్విన యజమానులు ఆలోచనలో పడేవారు. తాము లోగడ శిక్షించిన పనివారు వారికి జ్ఞాపకం వచ్చి ఉంటారు.

1982లో వెలువడి, 1986లో కొత్త పేరుతో ప్రచురితమైన ఆయన గ్రంథంలో యాజమాన్యాలకు 14 సూత్రాలు ఉన్నాయి. ధర ఒక్కటే చూసి ముడిసరుకు కొనరాదు. తనిఖీ మీదనే ఆధారపడరాదు. పనిలో శిక్షణ ఇవ్వాలి. శాఖల నడుమ గోడలు కూల్చాలి. గోడల మీది నినాదాలతో, అంకెల లక్ష్యాలతో పనివారిని తరమరాదు. తమ పనిని చూసుకొని గర్వించే హక్కును వారికి కలిగించాలి. వీటన్నిటిలో ఆయన హృదయానికి దగ్గరైనది భయాన్ని పారద్రోలడం. భయపడేవాడు తప్పును దాచిపెడతాడు. దాచిన తప్పు దిద్దుబాటుకు అందదు. భయం రాజ్యమేలే చోట కరదీపికలోని ప్రతి పుటా పూర్తి చేసి ఉంటుంది గాని, అందులోని అంకెలలో నిజం ఉండదు.

1987లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్.ఓ. 9000 ప్రమాణాలను ప్రకటించింది. వాటితో నాణ్యతా కరదీపిక అనే మాట దేశదేశాలలో వ్యాపించింది. ధ్రువపత్రం కోసమే కరదీపికలు వ్రాయించి, తనిఖీ నాడు మాత్రమే దుమ్ము దులిపే సంస్థలు కూడా బయలుదేరాయి. 2015లో సవరించిన ప్రమాణం ప్రత్యేకంగా కరదీపిక ఉండి తీరాలన్న నిబంధనను సడలించింది. ఏది వ్రాసి ఉంచుకోవడం అవసరమో సంస్థలే చాలావరకు నిర్ణయించుకోవచ్చు. పుస్తకం కన్న పని ముఖ్యమన్న డెమింగ్ బోధకు ఇది దగ్గరగా ఉన్నది.

మన దేశానికి కూడా ఈ ఉద్యమంతో సంబంధం ఉన్నది. భారత గణాంక సంస్థ స్థాపకుడైన మహలనోబిస్ ఆహ్వానం మీద షూహార్ట్ 1947-48లో మన దేశానికి వచ్చి పరిశ్రమలకు ఈ శాస్త్రాన్ని పరిచయం చేశాడు. తెలుగువాడైన మహాగణాంకవేత్త సి.ఆర్. రావు దశాబ్దాలపాటు సేవచేసిన సంస్థ అదే. హైదరాబాదులో కూడా ఆ సంస్థ నాణ్యతా నియంత్రణ విభాగం ఏర్పడింది. 1998లో తమిళనాడుకు చెందిన సుందరం-క్లేటన్ సంస్థ బ్రేకుల విభాగం భారతదేశానికి తొలి డెమింగ్ బహుమతిని సంపాదించి పెట్టింది.

డెమింగ్ నిరాడంబరుడు. తల్లి నుండి అబ్బిన సంగీతాభిరుచితో ఆయన భక్తిగీతాలకు బాణీలు కూర్చేవాడు. మొదటి భార్య 1930లోనే మరణించింది. తరువాత జీవితంలోనూ పనిలోనూ తోడునీడగా ఉన్న లోలా 1986లో కన్నుమూసింది. ఆ దుఃఖంలో కూడా ఆయన బోధన మానలేదు. 1987లో అమెరికా అధ్యక్షుడు రీగన్ చేతుల మీదుగా జాతీయ సాంకేతిక పతకం స్వీకరించాడు. 1993లో తన చివరి గ్రంథాన్ని ప్రచురించాడు. చక్రాల కుర్చీలో కూర్చొని, ప్రాణవాయువు సహాయంతో శ్వాసిస్తూ కూడా ఆ సంవత్సరం డిసెంబరు వరకు సదస్సులు నడిపాడు. 1993 డిసెంబరు 20వ తేదీన వాషింగ్టనులోని తన ఇంటిలో 93వ ఏట కన్నుమూశాడు.

పావెల్ గ్రామంలో వీధిదీపాలు వెలిగించిన బాలుడు పెద్దవాడై కర్మాగారాలకు వెలుగు చూపాడు. వీధిదీపాన్ని ఒకనాడు వెలిగిస్తే చాలదు. ప్రతి సాయంత్రం నూనె పోయాలి, మసి తుడవాలి, మరల వెలిగించాలి. నాణ్యత కూడా అటువంటిదే. తప్పు జరిగినప్పుడు ఎవరిని శిక్షించాలా అని వెదకకుండా, ఎక్కడ సరిదిద్దాలా అని వెదకడం డెమింగ్ నేర్పిన విద్య. కర్మాగారానికే గాక పాఠశాలకు, ఆసుపత్రికి, ఇంటికి కూడా ఆ విద్య అవసరమే.